లేచి నిలబడిన ఆదివారం

మోరిస్‌విల్,
సెప్టెంబరు 16

సుందర్ రాజ్ అన్నయ్యకు,

ప్రభువు నామంలో వందనాలు. ఆయన పేరు ఉంది కాబట్టి పెడుతున్నాను, లేకపోతే నీకు ఈ పూట వందనాలు కూడా దక్కేవి కావు.

ఆదివారం సాయంత్రం నుంచి ఫోన్ చేస్తూనే ఉన్నావు. నేను ఎత్తలేదు, ఎత్తను కూడా. నీ గొంతు వింటే నా నోటి నుంచి ఏం వస్తుందో నాకే తెలియదు. చిన్నప్పుడు రేపల్లెలో మనం కొట్టుకున్నప్పుడల్లా నాన్నగారు చెరో కాగితం ఇచ్చి చెరో గదిలో కూర్చోబెట్టేవారు గుర్తుందా? "కోపమంతా రాయండి, రాశాకే అన్నం" అనేవారు. ఈ వయసులో మళ్లీ ఆ కాగితం తీయించావు. నువ్వూ కాగితం మీదే జవాబివ్వు. వాట్సాప్‌లో చేతులు జోడించిన బొమ్మలు పంపితే బ్లాక్ చేస్తాను.

నా కూతురి పెళ్లి ప్రకటన చదువుతుంటే నువ్వెందుకు లేచావు?

నేను అక్కడ లేను. ఆయన పోయాక ఆ జెర్సీ చలి పడక, ఉద్యోగమున్న ఫెబీని అక్కడే వదిలి, ఇంత దూరం వచ్చేశాను. మీ సంఘంలోని రూతమ్మక్క ఫోన్ చేసి చెప్పింది. ఆరాధన చివర్లో పాస్టర్ గారు, పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చదివే ప్రకటనల్లో రెండోది చదివారట. "ప్రభువునందు నిద్రించిన కాలేబ్ గారి కుమార్తె ఫెబీకి, ఎవాన్‌కి జరగబోయే వివాహానికి ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే లేచి తెలపాలి" అన్నారట. ఆ మాట తర్వాత మన సంఘంలో ఎన్నడైనా ఎవరైనా కదిలారా? దగ్గు వచ్చినవాళ్లు కూడా ఆపుకుంటారు. అలాంటప్పుడు ముందు వరసలోంచి నువ్వు, సంఘ పెద్దవి, పిల్లకి సొంత మేనమామవి, బెంచీ చప్పుడయ్యేలా లేచి రెండు చేతులూ పైకెత్తావట. "ఏంటి బ్రదర్?" అని పాస్టర్ గారు అడిగితే ఒక్క మాట లేకుండా తల పట్టుకుని కూర్చున్నావట. చివరి ప్రార్థన అవగానే కారెక్కి వెళ్లిపోయావట.

చీకటి పడేసరికి మీ సంఘం కథ అల్లేసింది. ఎవాన్‌కి వాళ్ల ఊరు రెడ్‌మండ్‌లో ముందే పెళ్లయిందట, అది నీకు తెలిసిందట, ఫెబీ మొహం చూసి చెప్పలేకపోయావట. ఎవరికి పుట్టిన బుద్ధో ఇది!

తండ్రి లేని పిల్ల. అక్టోబరు నాలుగున ఇక్కడ చర్చిలో చెయ్యి పట్టుకుని నడిపించాల్సింది నువ్వు. నడిపించేవాడే అడ్డంగా నిలబడితే నేను ఎవరికి చెప్పుకోవాలి?

ఇంకా నీ చెల్లెలినే,
నవోమి


జెర్సీ సిటీ,
సెప్టెంబరు 18

నవోమికి,

నా వందనాలు షరతులు లేనివి, తీసుకో.

లేచాను. లేవలేదని నేను అనడం లేదు. లేవడానికి కారణముంది. అది కాగితం మీద పెట్టేది కాదు. అంతవరకే చెబుతాను. ఎవాన్ పెళ్లి గురించీ, ఆ అల్లిన కథ గురించీ నాకేం తెలియదు, నేను అల్లలేదు.

అభ్యంతరాల సంగతి నువ్వే ఎత్తావు కాబట్టి నేనూ ఎత్తుతాను. ఈ సంబంధం గురించి నన్నెప్పుడు అడిగావు? రెడ్‌మండ్ వెళ్లావు, వాళ్లింట్లో భోజనం చేశావు, పిల్లాడి తల్లి షెరిన్‌తో కలిసి చీరలు కూడా కొనుక్కొచ్చావు. ఆ తర్వాత ఒక రోజు నా ఫోన్‌లోకి కార్డు వచ్చింది. మేనమామని నేను! పిల్లకి సైకిల్ నేర్పింది నేను, హైస్కూల్లో లెక్కలు చెప్పింది నేను, బావ డ్యూటీలో ఉంటే జ్వరానికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది నేను. కార్డు మాత్రం అందరితో పాటు నాకూ వచ్చింది. అది చూసి నేను రెండు రోజులు నీకు ఫోన్ చేయలేదు. నువ్వు గమనించను కూడా లేదు.

ఇది చాలదన్నట్టు కొంగలు. హెరాన్స్ అనే బేస్‌బాల్ టీమ్ అంటే నీకు తెలియకపోవచ్చు గానీ, కొంగలంటే తెలుసు, ఆ టోపీ మీద బొమ్మ చూసి బావ పెట్టిన పేరే కదా. సీజన్ ముగింపుకొచ్చింది. మిగిలిన ఒక్క స్థానం దక్కితే తర్వాతి పెద్ద ఆటల్లోకి వెళ్తారు. బావా నేనూ స్టేడియంలో మూడో బేస్ వెనక కుర్చీల్లో కూర్చుని ఇరవై ఏళ్లు ఎదురుచూశాం, ఒక్క ఏడాదీ వెళ్లలేదు. ఈ ఏడాది అందుబాటులోకి వచ్చాక ఆ మూడో బేస్ కోచ్ పాడుచేస్తున్నాడు. వాడికున్న పనల్లా ఒకటే. మూడో మూలకి పరుగెత్తుకొచ్చేవాణ్ణి అక్కడే ఆగమనాలి, లేదా చెయ్యి ఊపి ఆఖరి మూలకి పొమ్మనాలి. ఎవరు పరుగెత్తగలరో, ఎవరు లేరో చూసే కళ్లు లేవు. మొన్న ఆదివారం ఆట పోయింది వాడి మూలానే. జీతమిచ్చి పెట్టుకున్నారు, చెప్పుకుంటే సిగ్గు.

పాస్టర్ గారు కమిటీ వేస్తానంటున్నారు. వేసుకోమన్నాను.

అన్న,
సుందర్ రాజ్


మోరిస్‌విల్,
సెప్టెంబరు 21

అన్నయ్యకు,

వందనాలు ఈసారి ఫెబీ తరఫున. నా తరఫున ఏమీ లేవు.

ఇవాళ మూడో ప్రకటన చదవలేదు. నీకు తెలుసు, నువ్వు అక్కడే కూర్చుని ఉంటావు. నీ నోటి నుంచి కారణం వచ్చేదాకా చదవనని పాస్టర్ గారు నాకు ఫోన్ చేసి చెప్పారు. మూడు ప్రకటనలూ అవనిదే సంఘం నుంచి ఉత్తరం రాదు. ఆ ఉత్తరం లేనిదే ఇక్కడి పాస్టర్ గారు పెళ్లి చేయరు. హాలు బుక్ చేశాను, కేటరింగ్ చెప్పాను, ఫెబీ గౌను నా బీరువాలో వేలాడుతోంది.

"కారణముంది, చెప్పను" అంటావా? అన్నయ్యా, ఎవరైనా ఒక మనిషి పరువు తీయాలంటే సరిగ్గా ఇలాగే మాట్లాడతారు! షెరిన్ నిన్న రాత్రి ఫోన్ చేసింది. ఆవిడ అరవలేదు, అరిచినా బావుండేది. "నవోమి గారూ, మా ఎవాన్ గురించి మీ అన్నయ్యకి ఏం తెలుసో మాకూ చెప్పండి, మేమూ తెలుసుకుంటాం" అంది. నేనేం చెప్పను? నా కూతురి బతుకు గురించి రాస్తే మా అన్నయ్య కొంగల గురించి పేజీ నింపాడని చెప్పనా?

నిన్ను అడగలేదన్నావు. అడిగాను. జూన్‌లో ఫోన్ చేసి "అన్నయ్యా, ఫెబీ విషయం ఒకటి మాట్లాడాలి" అన్నాను. "ఈ ఇన్నింగ్స్ అయ్యాక చేస్తాను" అన్నావు. నీ ఇన్నింగ్స్ ఇంకా అవలేదు. అలాంటి వాడివి ఇవాళ నాకు సైకిల్ లెక్కలు చెబుతున్నావు. ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు నువ్వు పక్కన కూర్చుని రాత్రంతా మేలుకున్నావు, ఆ రుణం ఉంది కాబట్టి ఇంత మర్యాదగా రాస్తున్నాను. అది కూడా అయిపోవచ్చింది.

నీకేం తెలుసో రాయి. ఏమీ తెలియకపోతే లేచి అదే చెప్పు.

నవోమి


జెర్సీ సిటీ,
సెప్టెంబరు 22

చెల్లీ,

వందనాలు. నీ రెండో ఉత్తరం ఇంకా రాలేదు, వస్తే తిట్లే ఉంటాయని తెలుసు, అవి అందేలోగా ఇది రాసి పడేస్తున్నాను.

మనవాళ్లు వరసగా గెలుస్తున్నారు! ఇప్పుడు పైవాళ్లకీ మనకీ మధ్య ఒక్క ఆటే తేడా. అంతా ఈ వచ్చే ఆదివారం మీద పడింది. ఆఖరి ఆట, అదీ ఇక్కడే, మన స్టేడియంలో. అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో ఎప్పుడూ పలకరించని వాళ్లు కూడా నా టోపీ చూసి చెయ్యి ఊపుతున్నారు.

ఇప్పుడు నీకు కోపం వస్తుంది. అయినా అడుగుతాను. ఆదివారం గెలిస్తే పెద్ద ఆటల్లో మొదటిది అక్టోబరు నాలుగు, శనివారం మధ్యాహ్నం ఇక్కడే. పెళ్లి ఒక్క వారం వెనక్కి జరపడానికి వీలుంటుందా? బావ పోయాక కూడా నేను రెండు కుర్చీలూ వదల్లేదు, ఏటా రెండూ కొంటున్నాను. ఆయన కుర్చీలో ఇంతవరకు ఎవర్నీ కూర్చోనివ్వలేదు. ఆ రోజు వస్తే ఆ కుర్చీ పక్కన నేను ఉండాలి. ఎలాగూ మూడో ప్రకటన ఆలస్యమైంది కదా, ఆ వంకతో జరిపితే ఎవరూ ఏమీ అనుకోరు.

హాలు వాళ్లతో నేను మాట్లాడతాను కావాలంటే.

అన్నయ్య


మోరిస్‌విల్,
సెప్టెంబరు 25

సుందర్ రాజ్ గారికి,

ఇది ఎక్స్‌ప్రెస్‌లో పంపుతున్నాను, శనివారానికల్లా నీ చేతిలో ఉండాలని.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. బంతాట కోసం మేనకోడలి పెళ్లి వెనక్కి జరపమని అడిగే మనిషి ఈ భూమ్మీద ఉంటాడని నేను నమ్మను. నువ్వు మొండివాడివే గానీ పిచ్చివాడివి కాదు. అంటే ఇది సాకు. పెళ్లి ఆగాలని నీకు ఉంది, కారణం నా మొహాన చెప్పే ధైర్యం లేక కొంగల్ని అడ్డం పెట్టుకుంటున్నావు. పైగా ఆయన కుర్చీని కూడా లాక్కొచ్చావు. చనిపోయిన మనిషిని సాకుల్లోకి తేవడానికి నీకు మనసెలా ఒప్పింది?

ఎవాన్ వాళ్లు ఈ ఆదివారం దాకా చూస్తామన్నారు. ఆ తర్వాత చూడరు. పాస్టర్ గారిని బతిమాలాను. ఈ ఆదివారం మూడోదీ ఆఖరిదీ చదువుతారు. లేస్తే కారణంతో లే. లేదా నోరు మూసుకుని కూర్చో.

ఫెబీ సరిగా తినడం లేదు. ఆ రోజు చర్చిలో నీ వెనక రెండు వరసల్లోనే ఉంది కదా, "మామయ్య ఎందుకు లేచాడో నీకేమైనా తెలుసా?" అని ఫోన్‌లో అడిగాను. "ఆస్క్ హిమ్, మమ్మీ" అంటుంది. అంతకుమించి ఒక్క ముక్క రాదు. నువ్వంటే ప్రాణం పెట్టే పిల్ల.

నువ్వు కుట్టించుకున్న సూట్ నీ దగ్గరే ఉంచుకో. నా కూతుర్ని నేనే నడిపిస్తాను.

నవోమి


జెర్సీ సిటీ,
సెప్టెంబరు 28, ఆదివారం సాయంత్రం

నవోమీ,

వందనాలు. ఇది తిట్టే ఉత్తరం కాదు. ఇందులో తిట్లుంటే నన్ను నేను తిట్టుకునేవే.

నాకు చెవి మిషన్లు పెట్టించింది నువ్వు. పట్టుబట్టి, వెంటబడి పెట్టించావు. ఫోన్‌లో వచ్చేది నేరుగా ఆ మిషన్లలోకి వినిపిస్తుందని నీకు తెలియదు. బయట ఎవరికీ వినబడదు, వైరు కనబడదు. అమెరికన్లు పొద్దున వాళ్ల ఆరాధన ముగించుకుని చర్చి మనకి ఇచ్చేది మధ్యాహ్నం రెండింటికి. కొంగల ఆదివారం ఆటలు ఒంటిగంటన్నరకి. ఇన్నేళ్లు పద్ధతిగా చర్చికే వెళ్లాను, కానీ పోయిన ఏడాది నుంచి ఎదురుగా పాస్టర్ గారు, చెవిలో రేడియో. వాక్యం సగం వినపడక తల ఊపుతుంటే సంఘమంతా నా చెవుల కోసం ప్రార్థన చేసింది. నేను ఆమెన్ అన్నాను.

పద్నాలుగో తారీఖున ఆఖరి ఇన్నింగ్స్ నడుస్తోంది. రెండో బేస్ మీద మనవాడున్నాడు, బరువైన మనిషి, పరుగు రాదు. బంతి కుడివైపు పడింది. వాణ్ణి మూడో బేస్ దగ్గర ఆపాలి. ఆ కోచ్ చెయ్యి ఊపి ఆఖరి మూల, హోమ్ ప్లేట్ దాకా పొమ్మన్నాడు. నేను లేచాను. ఆపమని చేతులెత్తాను. ఇంకో నాలుగడుగులు ఉన్నాయనగా అవుట్ చేశారు. కళ్లు తెరిచి చూస్తే సంఘమంతా నన్నే చూస్తోంది. పాస్టర్ గారు ఏదో అడుగుతున్నారు. పెళ్లి ప్రకటన అని అప్పుడు తెలిసింది.

ఆ క్షణంలో చెప్పేస్తే పోయేది. నోరు రాలేదు. సంఘ పెద్దని, ప్రభువు బల్ల ఆరాధనలో రొట్టె పంచే చేతులు నావి, బంతాట వింటున్నానని ఎలా చెప్పను? ఒక పూట దాటిపోతే సర్దుకుంటుందనుకున్నాను. తర్వాత నీ ఉత్తరం వచ్చింది, నాకూ కోపం వచ్చింది. నన్ను అడగలేదన్న బాధ నిజమే, కానీ దాన్ని అడ్డం పెట్టుకుని దాక్కున్నాను. నువ్వు రాసిన ఆ ఇన్నింగ్స్ మాట కూడా నిజం. జూన్‌లో నువ్వు చేసిన ఫోన్ నాకు గుర్తుంది. నేను మళ్లీ చేయలేదు.

ఇవాళ ఫోను ఇంట్లో వదిలేశాను. చెవి మిషన్లు కూడా కార్లో పెట్టి లోపలికి వెళ్లాను, నన్ను నేను నమ్మక. దాంతో ఏమీ వినబడలేదు. వరసగా అందరూ నా వైపు తిరిగి చూసినప్పుడే ప్రకటన చదివారని అర్థమైంది. లేచాను. ఎవరో కేక వేసినట్టున్నారు. "నాకు అభ్యంతరం లేదు, ఎప్పుడూ లేదు, ఎవాన్‌లో ఏ లోపమూ నాకు తెలియదు" అన్నాను. ఆ తర్వాత చెవి మిషన్ల సంగతి, కోచ్ సంగతి, అంతా చెప్పాను. గట్టిగానే చెప్పి ఉంటాను, నా గొంతు నాకే తెలియలేదు.

వెనక కుర్రాళ్లు కొందరు నవ్వారు. పాస్టర్ గారు నవ్వలేదు. పెద్దరికం నుంచి తప్పుకోమని కాగితం మీద రాసి చూపించారు, ఒప్పుకున్నాను. రూతమ్మక్క బయట నన్ను పట్టుకుని చెవి దగ్గరికొచ్చి అరిచింది: "నీ చెవుల కోసం నేను మూడు శుక్రవారాలు ఉపవాసం ఉన్నాను సుందర్ రాజ్! నీళ్లు కూడా తాగలేదు!"

ఫెబీ మాత్రం నా మొహం వంక ఒక్కసారి చూసి, బ్యాగ్ తీసుకుని బయటికి నడిచింది. మాట్లాడలేదు. నాకు అన్నిటికన్నా అదే మింగుడు పడటం లేదు.

ఆట ఏమైందో నాకు తెలియదు. కార్లో రేడియో పెట్టలేదు, ఇంటికొచ్చి ఫోను తీయలేదు. తెలుసుకునే అర్హత నాకు ఈ పూటకి లేదు.

సూట్ ఇస్త్రీ చేయించి ఉంది. నువ్వు రమ్మంటే వస్తాను. లేకపోతే వెనక వరసలో కూర్చుంటాను. అదీ వద్దంటే ఇక్కడే ఉంటాను.

సుందర్ రాజ్


మోరిస్‌విల్,
సెప్టెంబరు 29

అన్నయ్యా,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. రాసి ఉంటావని తెలుసు. నేను ఆగలేక రాస్తున్నాను. వందనాలు, తీసుకో.

ఫెబీ నిన్న చర్చి నుంచి బయటికొచ్చి కార్లో కూర్చుని నాకు ఫోన్ చేసింది. ఏడుస్తూ నవ్వుతోందో, నవ్వుతూ ఏడుస్తోందో ముందు అర్థం కాలేదు. అంతా చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. రెండు వారాలు! ఎవాన్ తల్లిదండ్రుల ముందు నన్ను దోషిలా నిలబెట్టావు, పిల్లకి నిద్ర లేకుండా చేశావు, ఒక అబ్బాయి మీద లేని మచ్చ వేయించావు, ఎందుకయ్యా అంటే సిగ్గట! షెరిన్‌కి నేనే ఫోన్ చేసి చెప్పాను. "బేస్‌బాల్ కోసమా?" అని ముమ్మారు అడిగింది. ఆవిడకి కోపం పోలేదు, రకం మారింది అంతే. పెళ్లి మాత్రం శనివారమే, ఒక్క రోజు కూడా వెనక్కి జరగదు. ఆవిడకి నువ్వు ఎదురుగా నిలబడి క్షమాపణ చెప్పాలి, ఎవాన్‌కి కూడా.

ఇంకొకటి విను. ఫెబీకి మొదటి రోజు నుంచీ తెలుసు. దాని పాటల పుస్తకంలో ఫోను ఉందట. తన పెళ్లి ప్రకటన చదువుతుంటే అది కూడా కొంగల స్కోరు చూసుకుంటోంది! చిన్నప్పుడు మీ బావా బావమరుదుల మధ్య కూర్చోబెట్టి నేర్పించారుగా, అనుభవించండి. మీ ఆటగాడు అవుట్ అవడమూ నువ్వు లేవడమూ ఒక్కసారే జరిగాయని అక్కడున్న వాళ్లందరిలో దానికొక్కదానికే అర్థమైంది. మరి ఎందుకు చెప్పలేదే అని అరిచాను. "నేను చెప్తే అది ఎక్స్‌క్యూజ్ అవుతుంది మమ్మీ. మామయ్య చెప్పాలి. నా కోసం లేచి చెప్తాడా లేదా అని చూశాను" అంది. మరి నిన్న మాట్లాడకుండా ఎందుకు వెళ్లిపోయావంటే, అక్కడే ఏడిస్తే రూతమ్మ ఆంటీ మళ్లీ ఏదో కథ అల్లేస్తుందట. మీ అందరికీ కలిపి ఒక్క తల్లిని నేను దొరికాను.

నడిపించేది నువ్వే. నేను నడిపిస్తానంటే పిల్ల ఒప్పుకోలేదు. శుక్రవారం మధ్యాహ్నానికల్లా రా. మిగతా తిట్లు ఎదురుగా తిడతాను, తిట్టాకే అన్నం. చెవి మిషన్లు పెట్టుకునే రా, పాస్టర్ గారి మాటలు వినబడాలి. ఫోను గుమ్మంలోనే నాకిచ్చెయ్.

ఇక నీ ఆట సంగతి. నువ్వు తెలుసుకుని ఉండవని ఫెబీ అంది, అందుకే రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం నేను టీవీలో ఆ ఆట పెట్టాను. నిన్ను పట్టుకుందామని. చర్చి ఎగ్గొట్టి స్టేడియంలో కూర్చుని ఉంటావని నా అనుమానం, కెమెరాలో నీ బట్టతల కనబడితే జన్మలో మాట్లాడకూడదని ఇంట్లో ఆయన కుర్చీలో కూర్చుని కాపలా కాశాను. మూడో బేస్ వెనక చూపించినప్పుడల్లా లేచి టీవీ దగ్గరికెళ్లి వెతికాను. అంత జనంలో పక్కపక్కన రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అప్పుడు నాకు భయమేసింది. నువ్వు అక్కడ లేవంటే చర్చిలోనే ఉన్నావు, ఏం చెప్పబోతున్నావో తెలియదు. టీవీ కట్టేద్దామనుకుని కట్టలేకపోయాను.

ఆఖర్లో మీవాళ్లు ఒక్క పరుగు వెనకబడి ఉన్నారు. నాకు ఈ ఆట రాదు, ఆయన ఎంత చెప్పినా నేర్చుకోలేదు. కానీ ఆ లావుపాటి అబ్బాయి ఆయాసపడుతూ మూడో మూల దగ్గరికి రావడం చూశాను. అక్కడ ఒకడు నిలబడి చెయ్యి గిరగిర తిప్పుతున్నాడు. పిల్లాడు పరుగెత్తలేడని నాకే తెలుస్తోంది, వాడికి తెలియదా?

అవుట్ చేశారు. ఓడిపోయారు అన్నయ్యా.

నేను లేచి నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచానో తెలియదు. రెండు చేతులూ పైకెత్తి ఆగరా, ఆగరా అని అరుస్తున్నాను. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే నేనూ ఎవరి పెళ్లో ఆపి ఉండేదాన్ని.

నీ చెల్లెలు,
నవోమి